గోడ మీద ఇరవై ఓమ్‌లు

రంగులేసే యల్లప్ప మూడు గోడలు పూర్తిచేసి, నాలుగో గోడ కూడా దాదాపు వేసేసి, బ్రష్షు కడిగేసుకున్నాడు. తలుపు వెనక, నా భుజమంత ఎత్తులో, రొట్టెల పెనం పట్టేంత జాగా మాత్రం పాత సున్నంతోనే మిగిలిపోయింది. మరిచిపోయావా అనడిగితే, మరవలేదు మేడమ్, అక్కడ బ్రష్షు ఆనితే చెయ్యి విరుస్తానని మీ అమ్మ చెప్పింది అన్నాడు. మా అమ్మ ఇంతవరకూ ఎవరి చెయ్యీ విరవలేదు. విరిచే అవసరం రాలేదంతే, చెప్పడంతోనే పని అయిపోతూ వచ్చింది. దగ్గరికి వెళ్లి, పైన పేరుకున్న దుమ్ము పమిటతో తుడిచి చూస్తే బొగ్గుతో రాసిన అంకెలు కనిపించాయి. రెండువందల ముప్ఫైని పదకొండున్నరతో భాగిస్తే ఇరవై. దాని కింద నూట డెబ్బైని ఇరవైతో భాగిస్తే ఎనిమిదిన్నర. చివర జవాబుకి రెండు గీతలు, సారు చెప్పినట్టే. చేతిరాత నాదే. అప్పట్లో రెండుకి తోక వంకరగా పెట్టేదాన్ని కాబట్టి కాదనడానికి కూడా వీల్లేదు.

ఆ గదికి రంగులెందుకంటే, ఆదివారాలు కూడా అక్కడ ట్యూషన్ పెడదామని. చిక్కసూగూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి రాయచూరు వెళ్లి కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నన్ను అతిథి ఉపన్యాసకురాలు అంటారు. అతిథి కాబట్టి జూన్‌లో రమ్మంటారు, సెలవులు రాగానే వెళ్లి రమ్మంటారు, మధ్యలో ఎవరూ కాఫీ ఇవ్వరు. సాయంత్రం రాయచూరులోనే రెండు బ్యాచీల ట్యూషను. తిరిగొచ్చే బస్సులో నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాను, గుర్రాలకి తప్ప ఎవరికీ చేతకాని విద్య. ఇక మిగిలింది ఆదివారం ఒక్కటే. అదెందుకు ఊరికే పడి ఉండాలి అని ఎవరో అంటే, నిజమే కదా అనిపించింది. అన్నది ఎవరో గుర్తులేదు. నేనే అయ్యుంటాను.

ఆ అంకెల్ని చూస్తూ నిలబడితే మొదట వచ్చింది జొన్నపిండి వాసన. పిండి పట్టి పదహారేళ్లయిన గదిలో ఆ వాసన ఉండే అవకాశమే లేదు, అప్పుడే వేసిన రంగు వాసన తప్ప. అయినా వచ్చింది. అప్పుడే రాయి కిందినుంచి రాలిన పిండికి, వేడి తగ్గని పిండికి, కాస్త పచ్చిగా, కాస్త మాడినట్టుగా ఒక వాసన ఉంటుంది. మా ముందుగది అప్పట్లో గిర్ని. ఊళ్లో ఆడవాళ్లు జొన్నలు తెచ్చి పిండి పట్టించుకుపోయేవాళ్లు. తలుపు తీయగానే ఎడమచేతి వైపు రాళ్లు, వాటి మీద జొన్నలు పోసే రేకు డబ్బా, కింద పిండి జారే గుడ్డ గొట్టం, కుడివైపు మోటారు, రెంటికీ మధ్య బెల్టు. అమ్మ పొద్దున ఆరింటికి నల్లటి జుట్టుతో లోపలికి పోయి, పదింటికల్లా అరవయ్యేళ్ల ముసలిదై బయటికొచ్చేది. స్నానం చేసి మళ్లీ ముప్ఫై అయిదుకి దిగేది. రోజూ ముసలితనం వచ్చి పోయే మనిషిని చూసి పెరిగాను కాబట్టి ముసలితనం కడిగితే పోయేదే అని చాలా కాలం నమ్మాను.

గిర్ని పెట్టడం మా అవ్వకి ఇష్టం లేదు. అవ్వ అంటే నాయిన వాళ్ల అమ్మ. ఇంట్లో చక్రం తిరిగితే ఇంట్లో మనిషి నిలవడని ఆమె సిద్ధాంతం. అది ఎక్కడిదని అడిగితే, తన అత్త చెప్పిందనేది. నాయిన లారీ డ్రైవరు. పదిరోజులు రోడ్డు మీద, మూడురోజులు ఇంట్లో, ఆ మూడు రోజుల్లో రెండు నిద్రలో. ఎక్కడో మూతపడ్డ మిల్లులోంచి పాత రెండు హార్స్‌పవర్ మోటారు, రాళ్లు తెచ్చి అమ్మకి ఇచ్చాడు. అమ్మ అడిగి తెప్పించుకున్న వస్తువు ఆ ఇంట్లో అదొక్కటే. మొదటి ఎండాకాలంలోనే మోటారు కాలిపోయింది. రాయచూరు నుంచి ఖాజా మామ వచ్చి కాయిల్ మళ్లీ చుట్టిచ్చాడు. ఖాజా మామ మోటార్లు రీవైండింగు చేసేవాడు, నాయినకి చిన్ననాటి దోస్తు. అప్పుడు నాయిన ఒకే మాట చెప్పాడు. ఇది ఇంకోసారి కాలితే చుట్టించేది లేదు, రాళ్లూ బెల్టూ చంద్రబండలో ఉన్న తన చెల్లెలింటికి పంపించేస్తానని. నాయిన చాలా తక్కువ మాట్లాడే మనిషి. అందువల్ల మాట వెనక్కి తీసుకోవడం కూడా అలవాటు కాలేదు.

ఇక అమ్మ ఆ మోటారుని పసిపిల్లని చూసినట్టు చూసుకుంది అని రాస్తే బాగుంటుంది గానీ, పసిపిల్లగా నేను అక్కడే ఉన్నాను, నన్నెప్పుడూ అంత బాగా చూసుకోలేదు. మా ఊరు లైనుకి చివర. ఆ లైనులో మా ఇల్లు మరీ చివర. మిద్దె ఎక్కితే దేవసూగూరు వైపు కరెంటు పుట్టే పొగగొట్టాలు కనిపిస్తాయి. అక్కడ పుట్టిన కరెంటు ఊళ్లన్నీ చూసుకుని, పొలాల్లో పంపులన్నీ తాగగా, మిగిలింది మా ఇంటికి వచ్చేది. మధ్యాహ్నం పంపులు మొదలైతే ఓల్టు పడిపోయేది. అది తెలుసుకోవడానికి అమ్మకి మీటరు అక్కర్లేదు. గిర్ని మీద ఒక బల్బు వేలాడదీసింది. బల్బు మజ్జిగ రంగులో ఉంటే పని చెయ్యొచ్చు. పసుపు రంగుకి వస్తే మోటారు మీద చెయ్యి పెట్టి చూడాలి. బెల్లం రంగుకి వస్తే మారుమాట లేకుండా బెల్టు జార్చెయ్యాలి. చెయ్యి పెట్టడానికి కూడా ఒక పద్ధతి ఉంది. అరచెయ్యి మోటారు వీపు మీద ఆనించి అయిదు లెక్కపెట్టేది. అయిదు దాకా ఆగితే మంచిదే. నాలుగుకే చెయ్యి తీసేయాల్సి వస్తే స్విచ్చు ఆపి, వరసలో కూచున్న ఆడవాళ్లతో, మీరు ఎవరిమీద చాడీలు చెప్పుకోవాలో ఇప్పుడు చెప్పుకోండి అనేది. అమ్మ మనుషులతో తెలుగు మాట్లాడుతుంది, బస్సు కండక్టరుతో ఉర్దూ. లెక్క మాత్రం కన్నడంలోనే. మూడో తరగతి దాకా కన్నడ బడిలో చదివింది, అంకెలు అక్కడే ఆగిపోయాయి. కాబట్టి మా ఇంట్లో మోటారు వేడిని ఒందు, ఎరడు, మూరు, నాల్కు, అయిదు అనే కొలతల్లో కొలిచేవాళ్లం.

నేను పదో తరగతిలో ఉండగా కరెంటు పాఠం వచ్చింది. అప్పటిదాకా బళ్లో చెప్పింది ఏదీ మా ఇంట్లోకి వచ్చిన దాఖలా లేదు. అక్బరు మా ఇంటికి రాలేదు, త్రిభుజం మా ఇంటికి రాలేదు. ఈ పాఠం మాత్రం నేరుగా మా ముందుగదిలోకి వచ్చి కూచుంది. ఓల్టుని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్సు. ఓల్టుని కరెంటుతో గుణిస్తే పవరు. నాలుగింట్లో రెండు తెలిస్తే మిగతా రెండూ చేతిలోకి వచ్చేస్తాయి. ఇంత సులువైన ప్రపంచాన్ని నేను మళ్లీ చూడలేదు. ఆ రోజుల్లోనే ఖాజా మామ ఒకసారి పొద్దున్నే వచ్చి మోటారుని పరీక్ష చేసి వెళ్లాడు. ఆయన దగ్గర టాంగ్ టెస్టర్ ఉండేది, పీత కొండీలాంటి మీటరు. తీగ కొయ్యకుండా దాని చుట్టూ నోరు మూస్తే లోపల ఎంత కరెంటు పోతోందో చెబుతుంది. రెండువందల ముప్ఫై ఓల్టుల దగ్గర పదకొండున్నర ఆంపియర్లు తీసుకుంటోందన్నాడు. గోడకి ఒక చిన్న ఓల్టు మీటరు కూడా బిగించి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆయన బండి మలుపు తిరక్కముందే నేను పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి గోడ మీద భాగించేశాను. ఇరవై ఓమ్‌లు. శేషం లేకుండా. శేషం లేకుండా పోయిన భాగహారాన్ని అనుమానించాలని అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

తర్వాత కొన్ని వారాలకి దేవసూగూరు సూగురేశ్వరుడి జాతర వచ్చింది. జాతరకి పోయే జనానికి ఎండురొట్టెలు చేసిపెట్టాలని మా ఊరివాళ్లు ఎనిమిది బస్తాల జొన్నలు కూడేశారు. ఎప్పుడూ అవి నాకా, అంటే రోడ్డు మీది చెక్‌పోస్టు, దగ్గరున్న పెద్ద గిర్నికే పోయేవి. ఆ ఏడు అమ్మ వెళ్లి పెద్దమనుషుల్ని అడిగింది. ఆడమనిషి గిర్నిలో ఎనిమిది బస్తాలా అని వాళ్లు నవ్వి, సరే చూద్దాం, సాయంత్రానికి ట్రాక్టరు పంపిస్తాం అన్నారు. ఆ ఎనిమిది బస్తాలు పడితే అమ్మది కూడా ఒక గిర్ని. పడకపోతే ఇంటి ముందుగదిలో పెట్టుకున్న సరదా. అవ్వ ఆ రోజు పొద్దుటినుంచీ గడపలో కూచుని ఆకూ వక్కా నములుతూ కాపలా కాసింది. చక్రాన్నో అమ్మనో చెప్పలేదు.

మధ్యాహ్నానికి నాలుగు బస్తాలయ్యాయి. అయిదోది పోస్తుండగా పంపులు మొదలైనట్టున్నాయి, బల్బు పసుపై, చూస్తుండగానే బెల్లమైంది. మీటరు ముల్లు నూట డెబ్బై మీద కూచుంది. అమ్మ బెల్టు జార్చి, స్విచ్చు ఆపి, గోడకి ఆనుకుని కూచుంది. పంపులు ఆగేది చీకటి పడ్డాకే. ట్రాక్టరు వచ్చేది అంతకు ముందే. నేను ఆ రోజు బడి ఎగ్గొట్టి సాయం చేస్తున్నాను. సాయం అంటే బస్తా మూతులు విప్పడం, మధ్యమధ్యలో సలహాలివ్వడం. అమ్మ ముఖం చూసి జాలేసిందని చెప్పొచ్చు గానీ నిజం అది కాదు. నాకు పాఠం వచ్చు, ఆమెకి రాదు, అదీ సంగతి. బొగ్గు తీసుకుని రెండో లెక్క రాశాను.

"ఏందే గది?" అని అడిగింది అమ్మ.

"లెక్క. ఓల్టు తక్కువైతే మోటారు కరెంటు గూడ తక్కువనే గుంజుతది. ఓల్టు నిండుగ ఉన్నప్పుడు పదకొండున్నర గుంజుతది. గిప్పుడు ఎనిమిదిన్నరే. అది ఆరాంగ పనిచేస్తుందమ్మా, నువ్వే ఊకె పరేషాన్ అయితున్నవ్."

అమ్మ లేచి గోడ దగ్గరికి వచ్చి అంకెల్ని చూసింది. చదువుతున్నట్టు కాదు, కొత్తగా ఇంటికొచ్చిన మనిషిని చూస్తున్నట్టు. తర్వాత వెళ్లి మోటారు మీద అరచెయ్యి పెట్టింది. మూరు దగ్గరే తీసేసింది.

"మరి చెయ్యి కాలుతుందేందే?"

అది పొద్దుటి వేడి, ఇంకా పోలేదు, అంతే అన్నాను. అప్పట్లో ప్రతి ప్రశ్నకీ నా దగ్గర జవాబుండేది. ఆ గుణం తర్వాత ఉద్యోగం సంపాదించుకోవడానికి పనికొచ్చింది.

"గా పాఠంల నీకు ఎన్ని మార్కులొచ్చినయి?"

"ఇరవై అయిదుకు ఇరవై నాలుగు."

అమ్మ బెల్టు ఎక్కించి స్విచ్చు వేసింది. ఆ పోయిన ఒక్క మార్కు ఎందుకు పోయిందో ఆమె అడిగి ఉంటే నేను చెప్పలేకపోయేదాన్ని.

మోటారు మూలుగుతూ తిరిగింది. దాని గొంతు మారిందని అమ్మ ఒకసారి అంది, నేను వినిపించుకోలేదు. అయిదో బస్తా సగానికి వచ్చేసరికి వాసన వచ్చింది. పిండి వాసన కాదు. లక్క కాలినట్టు, జుట్టు కాలినట్టు, రెంటికీ మధ్య. ఆ వాసన ఒకసారి చూసినవాళ్లు మరవరు, అమ్మ రెండోసారి చూస్తోంది. స్విచ్చు దగ్గరికి పరుగెత్తింది గానీ అప్పటికే మోటారు తనంతట తనే ఆగిపోయింది. రాళ్లు మాత్రం ఇంకో నాలుగు చుట్లు తిరిగి ఆగాయి. సన్నటి పొగ లేచి బల్బు దాకా వెళ్లింది. భూమి ఆకాశం ఏకమయ్యాయని రాయాలేమో, అలాంటిదేమీ జరగలేదు. బయట కోడి ఒకటి రాలిన జొన్నలు ఏరుకుంటూ ఉంది. అవ్వ గడపలోంచి లోపలికి చూసింది. పదిసార్లు చెప్పాను కదా అనడానికి ఆమెకి ఇంతకంటే మంచి రోజు దొరకదు. వక్క ఉమ్మేసి, "మోటారే గద పోయింది. లేవు, ఉన్న పిండన్న ఎత్తు," అని తనే చేట అందుకుంది.

సాయంత్రం ట్రాక్టరు వచ్చింది. నాలుగున్నర బస్తాల పిండి, మూడున్నర బస్తాల జొన్నలు ఎక్కించారు. అమ్మ కూడా ట్రాక్టరెక్కి నాకా దగ్గరి గిర్నికి వెళ్లింది. అక్కడ వరసలో నిలబడి మిగతావి పట్టించి రాత్రి బాగా పొద్దుపోయాక నడిచి వచ్చింది. ఒళ్లంతా తెల్లగానే ఉంది. ఇంకొకరి గిర్నిలో పడ్డ పిండి అది. కడుక్కున్నాక కూడా ఆ రోజు ఆమె ముప్ఫై అయిదుకి దిగలేదు.

మర్నాడు ఖాజా మామ వచ్చి మోటారు విప్పాడు. లోపల కాయిలంతా బొగ్గు. నేను ఆయన్ని తలుపు వెనక్కి తీసుకెళ్లి గోడ చూపించాను. ఎవరైనా తప్పు చూపిస్తే బాగుండని ఉంది, ఎవరూ చూపించకపోతే ఇంకా బాగుండని కూడా ఉంది. ఆయన కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి, రెండుసార్లు చదివాడు.

"అంకెలు బరాబర్ ఉన్నయ్ బేటా. ఇది హీటరైతే నువ్వు చెప్పిందే సహీ. తక్కువ ఇస్తే తక్కువ తిని పండుకుంటది. మోటార్ అట్ల గాదు. దానికి రాయి తిప్పే పని ఒప్పజెప్పినవ్. ఓల్టు తక్కువైందని రాయి హల్కా అయితదా?"

అయితే ఇరవై ఓమ్‌లు ఎక్కడివి అని అడిగాను. ఆయన సంచిలోంచి ఇంకో మంచి మోటారు తాలూకు కాయిల్ తీసి మీటరు పెట్టి చూపించాడు. ఒకటిన్నర. రాగితీగది అంతే, మిగిలినదంతా అది తిరుగుతున్నంతసేపే ఉంటుంది, తిరగడమే దాన్ని కాపాడుతుంది, బరువెక్కి నెమ్మదించిందంటే ఆ కాపుదల పోయి తీగ మీదే అంతా పడుతుంది అన్నాడు. ఆ సాయంత్రం నోటుబుక్కులో లెక్క మళ్లీ చేశాను. ఖాజా మామ కొలిచిన రెండువందల ముప్ఫైని పదకొండున్నరతో గుణిస్తే రెండువేల ఆరువందల నలభై అయిదు. రాయి అడిగే పని తగ్గనప్పుడు, దాన్ని నూట డెబ్బైతో భాగించాలి. పదిహేనున్నర. నేను ఎనిమిదిన్నర అని చెప్పినప్పుడు లోపల పోతున్నది దాదాపు పదిహేనున్నర. వేడి కరెంటుతో సమానంగా పెరగదు, కరెంటుని కరెంటుతో గుణించినట్టు పెరుగుతుంది కాబట్టి తీగ పొద్దుటికి దాదాపు రెండింతలు కాలుతోంది. అరచెయ్యి మూరు దగ్గర చెప్పింది ఇదే. ఆ కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకున్నాను. ఎవరికీ చూపించలేదు.

నాలుగు రోజులకి నాయిన వచ్చాడు. కాళ్లు కడుక్కుని, మోటారు చూసి, ఎట్లయింది అని ఒక్కమాట అడిగాడు. నేను తలుపు వెనకే ఉన్నాను, నా లెక్క పక్కనే. నోరు తెరవడానికి అంతకంటే అనువైన సమయం ఉండదు. అమ్మ నావైపు చూడకుండా చెప్పింది. "ఆపాల్సింది నేను. చెయ్యికి తెలిసింది. ఆపలే." అంతే. నాయిన తిట్టలేదు, అరవలేదు. తల ఊపి అన్నం తిని పడుకున్నాడు. లేచాక రాళ్లూ బెల్టూ బండికెత్తి చంద్రబండ పంపించాడు. ఖాజా మామ తను ఊరికే చుట్టిస్తానన్నాడు గానీ మాట మాటే. నేను మాత్రం వారం రోజుల తర్వాత, అమ్మ అంట్లు తోముతుంటే వెనక నిలబడి, ఆ లెక్క తప్పమ్మా అన్నాను. కానీలే అంది. నాకు కావలసిందీ అదే కాబట్టి అక్కడినుంచి వెళ్లిపోయాను.

మరుసటి ఏడు అమ్మ బళ్లో బిసియూటకి, అంటే పిల్లల మధ్యాహ్నం భోజనం వండే పనికి చేరింది. ఇప్పటికీ అదే పని. గ్యాసు పొయ్యి కాబట్టి ఓల్టు గొడవ లేదంటుంది. ఊళ్లో ఇప్పుడు జొన్నలు పట్టించేవాళ్లు తక్కువ, పిండి పాకెట్లు వచ్చాయి, అసలు రొట్టెలే పాకెట్లలో వచ్చాయి. అవ్వ లేదు. ఖాజా మామ కొట్టు ఉన్న చోట మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. నాయినకి కళ్లు మందగించి లారీ మానేశాడు, తక్కువ మాట్లాడటం మానలేదు. మాకు కొత్త ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది, కరెంటు బాగానే ఉంటోంది, ఎప్పుడైనా పడిపోయినా తెలియదు. ఇప్పటి ఎల్ఈడీ బల్బు మజ్జిగ నుంచి బెల్లానికి రాదు. ఓల్టు ఎంత పడినా చివరిదాకా తెల్లగానే వెలుగుతూ ఉంటుంది, ఆరిపోయేటప్పుడు ఒక్కసారి ఆరిపోతుంది. పాత బల్బుకి సిగ్గు లేదు, లోపల ఎంత తక్కువుందో ముఖం మీదే చూపించేది. ఈ కాలానికి అలాంటి బల్బు పనికిరాదని కంపెనీలకి ముందే తెలిసినట్టుంది.

ఇన్నేళ్లుగా నేను ప్రతి కొత్త క్లాసులోనూ బోర్డు మీద ఆ రెండు అంకెలు రాస్తాను. రెసిస్టెన్సు ఎంత అంటాను. ఇరవై అని అరుస్తారు. అది మోటారైతే, ఓల్టు నూట డెబ్బైకి పడితే, కరెంటెంత అంటాను. ఎనిమిదిన్నర అని ఇంకా గట్టిగా అరుస్తారు. అప్పుడు ఒక ఊళ్లో ఒక తెలివైన అమ్మాయి ఉండేది అని మొదలుపెట్టి గిర్ని కథ చెబుతాను. పొగ బల్బు దాకా లేచిందనే చోట నవ్వుతారు. ఆ తప్పు ఎక్కడుందో రాయచూరు చుట్టుపక్కల ఏ ఊళ్లో ఏ పిల్లనడిగినా చెబుతుంది. కథలో ఆ అమ్మాయి ఎవరని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే సిలబస్‌లో లేదని చెబుదామని జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

యల్లప్ప బీడీ తాగడానికి బయటికి పోయాక అమ్మని పిలిచి, ఆ ముక్క ఎందుకు వదిలేయమన్నావు అని అడిగాను. ఇన్నేళ్లలో ఆ గదికి ఎన్నోసార్లు సున్నం వేయించింది, ప్రతిసారీ తనే నిలబడి ఆ జాగా వదిలించిందట. నాకు తెలియదు. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి దాని వెనక ఏముందో చూసే పని నాకు పడలేదు. ఆమె చిక్కుడుకాయల చేట పట్టుకునే వచ్చింది, ఈనెలు తీస్తూనే చెప్పింది.

"గది తప్పని నువ్వు చెప్పినవ్. ఏడ తప్పిందో చెప్పలే. ఎప్పుడన్న చెప్తవేమోనని ఉంచిన."

అప్పుడు నేను ఏదైనా హాస్యమాడాల్సింది.  యల్లప్ప పెన్సిలు కిటికీలో ఉంది. దానితో బొగ్గు అంకెల కిందే మొత్తం రాశాను, రాస్తూ చెప్పాను. హీటరు వేరు, మోటారు వేరు. రాయి బరువు తగ్గదు. పని అంతే ఉండి ఇచ్చేది తగ్గితే, మోటారు ఇంకా ఎక్కువ గుంజుకుని ఆ పని చెయ్యాలని చూస్తుంది. అలా గుంజుకునీ గుంజుకునీ తననే కాల్చుకుంటుంది. రెండువేల ఆరువందల నలభై అయిదు బై నూట డెబ్బై. పదిహేనున్నర. కింద రెండు గీతలు గీశాను. అమ్మ చేట పక్కన పెట్టి మొత్తం విన్నది. నా క్లాసుల్లో ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు.

"గంతేనా?"

"గంతే."

"గది నా చెయ్యికి గప్పుడే ఎరుక."

"మరెందుకేసినవమ్మా స్విచ్చు?"

అమ్మ చేట మళ్లీ దగ్గరికి లాక్కుని ఒక చిక్కుడుకాయ ఈనె తీసింది. "నా చెయ్యి మూడో క్లాసు," అంది. "నువ్వు పదో క్లాసు ఉంటివి."

నేను పెన్సిలుని కిటికీలో ఎక్కడుందో అక్కడే పెట్టాను. యల్లప్ప తిరిగొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. అమ్మ అతని వైపు చూడకుండానే, ఇక పుయ్యి, అయిపోయింది అంది. అతను బ్రష్షు ముంచి నా పదో తరగతినీ, దాని కింద ఇప్పటి లెక్కనీ కలిపి ఒక్క దెబ్బలో తెల్లగా చేశాడు. బొగ్గు మాత్రం లోపలినుంచి సన్నగా కనిపిస్తూనే ఉంది. ఇంకో చెయ్యి వేస్తే పోతుందన్నాడు. పోలేదు.

ఇంతకీ రంగులెందుకు వేయిస్తున్నావే అని అప్పుడడిగింది అమ్మ. ఆదివారం ట్యూషన్ సంగతి చెప్పాను, పదకొండు మంది చేరారని కూడా చెప్పాను. చిక్కుడుకాయల చేతిని చీర కొంగుకి తుడుచుకుని, నా మెడ వెనక అరచెయ్యి ఆనించింది. బండ మీద రుద్దినట్టుండే అరచెయ్యి, ఇప్పటికీ మెత్తబడలేదు.

"ఒందు," అంది. "ఎరడు. మూరు." తీసేసింది.

మనిషి ఒంటి వేడి ఎప్పుడూ ఒకటే ఉంటుందని, దాని మీద చెయ్యి గంటసేపైనా పెట్టొచ్చని, ఈ పద్ధతి మనుషులకి వర్తించదని చెప్పడానికి నా దగ్గర అన్నీ ఉన్నాయి. మార్కులు కూడా ఉన్నాయి. వాటినోసారి చూసుకుని నోరు మూసుకున్నాను.

"బందు పెట్టు," అంది అమ్మ.

ఫోను తీసి, ఈ ఆదివారం నుంచి క్లాసు లేదని పదకొండు మందికీ పంపించాను. ఒక్క నిమిషంలో పదకొండు దండాల బొమ్మలు వచ్చాయి. నేను చెప్పిన ఏ పాఠమూ పిల్లల్లో అంత ఆనందం నింపలేదు. యల్లప్ప నిచ్చెన తీసుకుని వెళ్లిపోయాడు. తడి గోడల మధ్య, పాత మోటారు ఉండే మూలలో చాప పరుచుకుని పడుకున్నాను. పట్టపగలు. అమ్మ చేట ఎత్తుకుని లోపలికి పోతూ, పైన ఊరికే వెలుగుతున్న బల్బు ఆర్పేసింది.